వణుకును కండరం దగ్గర చదవడం: మెదడు కదలిక రుగ్మతలకు ఉపరితల ఈఎంజీ పరీక్ష చేసే విధానం

హైదరాబాదులో న్యూరాలజీ ఓపీ బయట కాసేపు కూర్చుంటే ఒకే బాధను మనుషులు ఎన్ని మాటల్లో చెబుతారో వినవచ్చు. ఒకరు చెయ్యి అదురుతోందంటారు, ఒకరు మెడ పక్కకు గుంజుతోందంటారు, ఇంకొకరు కూర్చున్నచోటనే ఉలిక్కిపడుతున్నానంటారు, పక్కనున్న బంధువు అంతా నరాల బలహీనతేనని తేల్చేస్తాడు. వీటిలో కొన్ని మెదడు పైపొర నుంచి, కొన్ని మెదడు కాండం నుంచి, కొన్ని వెన్నుపాము నుంచి పుడతాయి. కన్ను అదరడం వంటిది, మగవారికి కుడి, ఆడవారికి ఎడమ అని శకునాలు చూసేది, సాధారణంగా నరం చివరలోనే పుట్టి అక్కడే ఆగిపోతుంది, దానికి మెదడుతో పని లేదు. పైకి ఒకేలా కనిపించే కదలికల మధ్య తేడా కంటికి అందనంత చిన్న కాలవ్యవధిలో ఉంటుంది. 40 మిల్లీసెకన్ల కుదుపునూ 150 మిల్లీసెకన్ల కుదుపునూ ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా కంటితో విడదీయలేరు, కండరం మీద అంటించిన రెండు ఎలక్ట్రోడ్లు విడదీస్తాయి.

న్యూరోఫిజియాలజీ ల్యాబులో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, న్యూరాలజీ చదువుతున్న డాక్టర్లు, బయోమెడికల్ ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం రాస్తున్న మార్గదర్శి ఇది. ఇంట్లో ఎవరికి వారు రోగ నిర్ధారణ చేసుకోవడానికి ఇది పనికిరాదు. ఈఎంజీ అంటే కండరంలో పుట్టే విద్యుత్తును నమోదు చేసే పరీక్ష. సూది గుచ్చి చేసే ఈఎంజీ నరం, కండరాల జబ్బులను వెతుకుతుంది. ఇక్కడ చెప్పేది చర్మం మీదనే చేసే పరీక్ష, దీనితో మెదడు కండరానికి పంపే ఆజ్ఞ ఏ వేళకు, ఎంతసేపు, ఏ వరసలో వస్తోందో చూస్తాం. గీత ఎంత ఎత్తు లేచిందన్నది ఇందులో చాలావరకు అప్రధానం. చర్మం కింది కొవ్వు, ఎలక్ట్రోడ్ జరిగిన అంగుళం, చెమట, ఇవన్నీ ఎత్తును మార్చేస్తాయి కానీ కాలాన్ని మార్చలేవు. కొత్తవారు ఎత్తు చూసి మోసపోతారు కనుక ఈ మాట ముందే చెప్పవలసి వచ్చింది.

ఎలక్ట్రోడ్ కంటే ముందు ప్రశ్న

రోగిని కుర్చీలో కూర్చోబెట్టకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాసుకోండి. "ఈ వణుకు పార్కిన్సన్‌దా, ఎసెన్షియల్ ట్రెమరా?" అన్నది ఒక ప్రశ్న (ఎసెన్షియల్ ట్రెమర్ అంటే చేతులు చాపినప్పుడు, పని చేసేటప్పుడు వచ్చే వణుకు జబ్బు). "ఈ కుదుపు మెదడు పైపొర నుంచి వస్తోందా?" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. మొదటిదానికి రెండు ముంజేతులూ ఒక యాక్సిలెరోమీటరూ (కదలికను కొలిచే చిన్న సెన్సర్) చాలు. రెండోదానికి ముఖం, మెడ, చేయి, కడుపు, కాలు అన్నిటి మీదా ఎలక్ట్రోడ్లు పెట్టి, వాటితోపాటు ఈఈజీ (తలమీది ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్తును చదివే పరీక్ష) కూడా తీయాలి. ప్రశ్న లేకుండా మొదలుపెట్టిన రికార్డులో, తీరా చూస్తే, కావలసిన కండరమే ఉండదు.

మందుల వివరం కూడా అప్పుడే రాయాలి. పార్కిన్సన్‌కు వాడే లెవోడోపా మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో నిమిషాలతో సహా కావాలి. సోడియం వాల్‌ప్రొయేట్, లిథియం, ఆస్తమాకు వాడే సాల్‌బ్యుటమాల్ స్వయంగా వణుకు పుట్టించగలవు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా అంతే. పొద్దుటి నుంచి ఎన్ని కప్పుల చాయ్ అయిందో అడగడానికి మొహమాటపడకండి, ఈ ఊళ్లో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కోసారి పరీక్షనే వాయిదా వేయిస్తుంది. పరీక్ష కోసం ఏ మందైనా ఆపాలా అన్నది మాత్రం చికిత్స చేస్తున్న డాక్టరే చెప్పాలి.

గది, పరికరం

ఉపరితల ఈఎంజీ సంకేతం మైక్రోవోల్టుల నుంచి కొద్ది మిల్లీవోల్టుల వరకు ఉంటుంది, దాని శక్తి దాదాపు 20 నుంచి 500 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది (ఒక హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక ఊపు). అందువల్ల సెకనుకు కనీసం 1000 నమూనాలు తీయాలి, 2000 అయితే నిశ్చింత. మన గోడల్లోని కరెంటు 50 హెర్ట్జ్‌లది, అంటే సరిగ్గా మనకు కావలసిన పట్టీ మధ్యలోనే కూర్చుంటుంది. ఆ ఒక్క వేగాన్నే కోసేసే నాచ్ ఫిల్టర్ నొక్కి దాన్ని తీసేయడం తేలిక, కానీ దానితోపాటు అసలు సంకేతమూ కొంత పోతుంది, బరస్టుల (కండరం బిగిసినప్పుడు లేచే గీతల గుంపుల) అంచులు చెదురుతాయి. ముందుగా ఫ్యాన్ రెగ్యులేటరు, ట్యూబులైటు, ఫోను ఛార్జరు, మోటారు మంచం ఒక్కొక్కటిగా ఆపి చూడండి. నేను పని నేర్చుకున్న గదిలో రెండు వారాలు యంత్రాన్ని తిట్టుకున్నాం, చివరకు తప్పు గోడ అవతలి గదిలోని పాత ఫ్రిజ్‌దని తేలింది.

ఏసీని అలంకారంగా చూడకండి. ఏప్రిల్, మే నెలల్లో చెమటకు ఎలక్ట్రోడ్ల జిగురు ఊడిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ గాలికి వైర్లు ఊగి 1, 2 హెర్ట్జ్‌ల దొంగ వణుకును పుట్టిస్తాయి. రోగికి చలివేస్తే అసలు వణుకులో చలి వణుకు కలుస్తుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని ప్రాజెక్టు కోసం బోర్డు కట్టుకునే విద్యార్థులకు ఒక హెచ్చరిక: మనిషికి తగిలించే ఏ సర్క్యూటూ గోడ ప్లగ్గుకు కలిసి ఉండకూడదు. బ్యాటరీతోనే నడపాలి, ల్యాప్‌టాప్‌కు కలిపితే దాని ఛార్జరు తీసేయాలి. రోగుల మీద వాడేది ఎలక్ట్రికల్ ఐసొలేషన్ ఉన్న, ధ్రువీకరణ పొందిన వైద్య పరికరమే కావాలి.

ఈఎంజీతోపాటు యాక్సిలెరోమీటరు, ఒకే గడియారానికి కట్టిన వీడియో తప్పనిసరి. వీడియో తీసే ముందు ఎందుకు తీస్తున్నామో, ఎవరు చూస్తారో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకోండి. మన దగ్గర ఆ భాష తెలుగు, ఉర్దూ, హిందీల్లో ఏదైనా కావచ్చు.

చర్మం, ఎలక్ట్రోడ్లు

1849లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ద్యు బోయ్-రేమోన్ మనిషి తన ఇష్టంతో చేయి బిగించినప్పుడు పుట్టే విద్యుత్తును గుర్తించారు. చర్మం అడ్డుపడుతోందని గ్రహించి పొక్కు తేల్చి పైపొర తీసేసి మరీ కొలిచారు. మనం అంత దూరం పోనక్కరలేదు కానీ, అడ్డుపడేది మాత్రం ఇప్పటికీ ఆ చర్మమే. మన దగ్గర దానిమీద కొబ్బరినూనె కూడా ఉంటుంది. ముందు సబ్బునీటితో కడిగించి, వెంట్రుకలుంటే తీసి, రాపిడి పేస్టుతో చర్మం లేత ఎరుపుకు తిరిగేదాకా సున్నితంగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఇంపిడెన్స్, అంటే చర్మం దగ్గర విద్యుత్తుకు అడ్డు, 5 కిలో ఓమ్‌ల లోపు వస్తే బాగుంటుంది, 10 దాటితే ఎలక్ట్రోడ్ తీసి మళ్లీ మొదలుపెట్టండి.

వెండి, సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్న ఎలక్ట్రోడ్లను జంటగా, నడుమ 20 మిల్లీమీటర్ల దూరంతో, కండరం పొడవునా వరసగా అంటించాలి. ఉపరితల ఈఎంజీ పద్ధతుల కోసం ఐరోపాలో నడిచిన సెనియమ్ ప్రాజెక్టు సిఫారసు చేసిన దూరం ఇదే. ముంజేతిలో మణికట్టును పైకెత్తే కండరాలు, కిందికి వంచే కండరాలు రెండూ కావాలి. మీ చేత్తో అడ్డుపెట్టి "నా చెయ్యిని పైకి నెట్టండి" అని అడిగితే ఎత్తే కండరం పొట్ట మీ వేలికింద ఉబ్బుతుంది, ఎలక్ట్రోడ్లకు చోటు అదే. గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌ను మోచేతి ఎముక మీద పెట్టండి. యాక్సిలెరోమీటరును అరచేతి వెనక, మధ్యవేలి మెటికకు కాస్త వెనగ్గా టేపుతో బిగించండి.

గాజుల విషయంలో ఒక మాట. అవి ఎలక్ట్రోడ్లకు తగిలితే రికార్డు పాడవుతుంది, నిజమే. అయినా గాజులు తీయడానికి ఇష్టపడని ఇల్లాలిని బలవంతపెట్టకండి. వాటిని వీలైనంత మణికట్టు వైపు దించి, కదలకుండా మెత్తటి గుడ్డ చుట్టితే పని జరిగిపోతుంది. ఆడవారికి మెడ, తొడ మీద పరీక్ష చేయవలసినప్పుడు మహిళా టెక్నీషియన్ ఉండాలి. సూది గురించో షాక్ గురించో విని భయపడుతూ వచ్చేవారు చాలామంది. ఒంట్లోకి కరెంటు పోదు, ఒంట్లో పుట్టేదాన్నే చదువుతామని మొదటే చెప్పండి. బిగిసిన మనిషి కండరాలు ఎప్పుడూ విశ్రాంతి చూపవు.

చివరగా, ఒక్కో కండరాన్నీ విడివిడిగా బిగించమని అడిగి ఏ ఛానెల్ కదులుతోందో చూడండి. ఎడమా కుడీ తారుమారైన వైర్లు, పక్క కండరం నుంచి కారుతున్న సంకేతం ఇక్కడే దొరకాలి. ఈ రెండు నిమిషాలు మిగుల్చుకోవాలని చూసి ఒకసారి నేను పూర్తి రికార్డును పారేయవలసి వచ్చింది.

ఏ పనులు చేయించాలి

మొదట విశ్రాంతి. ముంజేతులు కుర్చీ చేతుల మీద పూర్తిగా ఆనాలి, అరచేతులు అంచు దాటి వేలాడాలి. 60 సెకన్లు అలాగే ఉంచి, తర్వాత ఇంకో 60 సెకన్లు మనసుకు పని పెట్టండి: 100 నుంచి ఏడేసి తగ్గిస్తూ చెప్పమనండి, లెక్కలు రాని పెద్దవారిని ఫాల్గుణం నుంచి చైత్రం దాకా నెలలు వెనక్కి చెప్పమనండి. పార్కిన్సన్ వణుకు ఈ ఒత్తిడికి పైకి తేలుతుంది.

తర్వాత చేతులు ముందుకు చాపించండి. ఇక్కడ తొందరపాటు పెద్ద తప్పు చేయిస్తుంది. ఎసెన్షియల్ ట్రెమర్ చేయి చాపగానే మొదలవుతుంది. పార్కిన్సన్ వణుకు చేయి ఎత్తగానే మాయమై, కొన్ని సెకన్లు గడిచాక, విశ్రాంతిలో ఉన్న దాదాపు అదే వేగంతో తిరిగి వస్తుంది. అయిదు సెకన్లకే "అయిపోయింది, దించండి" అంటే, ఆ తిరిగి రావడం మీ కంటబడదు. నిమిషం నిండనివ్వండి. ఆ తర్వాత అదే భంగిమలో చేతి మీద 500 గ్రాముల ఇసుక పట్టీ కట్టి మళ్లీ నిమిషం తీయండి. అందరిలోనూ ఉండే, చాయ్‌కూ భయానికీ పెరిగే సహజ వణుకు యాక్సిలెరోమీటరులో బరువుకు నెమ్మదిస్తుంది, 1 హెర్ట్జ్ లేదా అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. స్ప్రింగుకు బరువు వేలాడదీస్తే నెమ్మదిగా ఊగినట్టే ఇదీ. మెదడులోని లయ నుంచి వచ్చే వణుకు బరువును పట్టించుకోదు.

ఇక పనిలో వణుకు. ముక్కుకూ ఎదుటి వేలికీ మధ్య చేయి తిప్పడం, స్పైరల్ గీయడం అందరూ చేయించేవే. వాటితోపాటు రోగి రోజూ చేసే పని ఒకటి చేర్చండి: గ్లాసు నుంచి గ్లాసుకు నీళ్లు పోయడం, సాసర్‌లో చాయ్ పోసుకుని నోటిదాకా తేవడం, నుదుట బొట్టు పెట్టుకోవడం. గమ్యం దగ్గరపడేకొద్దీ పెరిగే వణుకు చిన్నమెదడు వైపు వేలు చూపిస్తుంది, బొట్టు కోసం నుదుటిని సమీపిస్తున్న వేలు దాన్ని ఎంత స్పష్టంగా బయటపెడుతుందో ఏ పాఠమూ చెప్పలేదు. రాసేటప్పుడు మాత్రమే వేళ్లు కొంకర్లుపోయేవారి చేత వారి భాషలోనే రాయించాలి. తెలుగు గుండ్రని అక్షరాల్లో సున్నాలు వరుసకొకటిగా కుంచించుకుపోతుంటే పార్కిన్సన్‌ను గుర్తు చేసుకోండి.

నిలబడితే కాళ్లు నిలవవు, నడిస్తే బాగుంటుంది అనే రోగికి తొడ, పిక్క కండరాల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి నిలబెట్టండి. 13 నుంచి 18 హెర్ట్జ్‌ల లయ కనిపిస్తే అది ఆర్థోస్టాటిక్ ట్రెమర్. అంత వేగం కంటికి ఆనదు, కానీ తొడ మీద స్టెతస్కోప్ ఆనిస్తే దూరాన హెలికాప్టరు తిరుగుతున్నట్టు వినిపిస్తుంది.

చివర్లో, వణకని చేత్తో మెట్రొనోమ్ (టిక్కుటిక్కుమని లయ చూపే పరికరం) లయకు తాళం వేయించండి, 1 హెర్ట్జ్, తర్వాత 3, తర్వాత 5. ఫంక్షనల్ ట్రెమర్ ఆ లయలోకి జారుతుంది, లేదా గతి తప్పి ఆగుతుంది. దీన్ని పట్టుకున్నప్పుడు గదిలో ఎవరి నోటా "డ్రామా" అన్న మాట రాకూడదు. ఫంక్షనల్ రుగ్మత నటన కాదు, మెదడు పనితీరులో తేడా, చికిత్స ఉన్న జబ్బు.

తెరమీది గీతను చదవడం

కండరం ఒక్కసారి బిగిసి వదిలినప్పుడు పొదలా లేచే గీతల గుంపును బరస్ట్ అంటారు. దాని నిడివి, రెండు బరస్టుల మధ్య ఎడం, ఎదురెదురు కండరాలు వంతులవారీగా పనిచేస్తున్నాయా కలిసి పనిచేస్తున్నాయా అన్న మూడింటితో చాలా సంగతి తేలుతుంది.

పార్కిన్సన్ విశ్రాంతి వణుకు 4 నుంచి 6 హెర్ట్జ్‌లు, ఎదురెదురు కండరాలు ఎక్కువగా వంతులవారీగా. ఎసెన్షియల్ ట్రెమర్ 4 నుంచి 12 మధ్య, ఎక్కువమందిలో 5 నుంచి 8. ఈ అంకెలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి కనుక వేగం ఒక్కటే చూసి పేరు పెట్టకండి, ఏ భంగిమలో ఎప్పుడు మొదలైందన్నదే ఎక్కువ చెబుతుంది. కండరాలు తమంత తామే బిగిసి మెలితిప్పే డిస్టోనియాలో వంచే కండరమూ చాచే కండరమూ ఒకేసారి బిగుస్తాయి, సంబంధంలేని భుజం కూడా కలిసిపోతుంది. మెడ డిస్టోనియా ఉన్నవారు గడ్డం మీద వేలు పెట్టుకుంటే మెడ నిలబడుతుందని వాళ్లే చెబుతారు. ఆ వేలు పెట్టిన క్షణాన్ని గుర్తుపెట్టి ముందూ తర్వాతా పోల్చండి. కండరాన్ని సడలించే బొట్యులినమ్ ఇంజెక్షన్‌కు ఏ కండరం ఎంచుకోవాలో ఇక్కడ తెలుస్తుంది, ముంజేతి లోతు కండరాలకైతే సూది ఎలక్ట్రోడ్ కావాలి.

కుదుపులు, అంటే మయోక్లోనస్, ఈ పరీక్షకు అసలైన రంగం. మెదడు పైపొర నుంచి వచ్చే కుదుపు బరస్ట్ సాధారణంగా 50 మిల్లీసెకన్లు దాటదు, ముఖం, చేయి, కాలు అనే వరసలో చకచకా కిందికి దిగుతుంది. మెదడు కాండం నుంచి వచ్చేది మెడ పక్కనున్న స్టెర్నోక్లైడోమాస్టాయిడ్‌లో మొదలై పైకి దవడకూ కిందికి చేతికీ పాకుతుంది, చప్పట్ల చప్పుడుకే లేస్తుంది. వెన్నుపాములో పుట్టే ప్రొప్రియోస్పైనల్ అనే రకం కడుపు, ఛాతీ కండరాల్లో మొదలై సెకనుకు 5 నుంచి 15 మీటర్ల మందగతిలో రెండు వైపులా సాగుతుంది. అయితే అలా కనిపించేవాటిలో చాలా భాగం ఫంక్షనల్‌వేనని గుర్తుంచుకోండి. గుండె ఆగి బతికి బయటపడినవారిలో పని చేయబోతే వచ్చే కుదుపులను 1963లో లాన్స్, ఆడమ్స్ అనే న్యూరాలజిస్టులు వర్ణించారు. తట్టు సోకిన కొన్నేళ్లకు పిల్లల్లో వచ్చే మెదడు జబ్బు ఎస్ఎస్‌పీఈలో, కొన్ని సెకన్లకొకసారి గడియారం కొట్టినట్టు వచ్చే కుదుపు ఈఈజీలోని పెద్ద అలలతో జతకట్టి ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బు ఇంకా కనిపిస్తోంది కనుక, చదువులో వెనకబడుతూ కుదుపులు వస్తున్న పిల్లవాడికి ఈఈజీ లేకుండా ఈఎంజీ మాత్రమే తీసి పంపకండి.

దీనికి తలకిందులైనది ఇంకొకటుంది. లివర్ పాడైనవారి చేతులు చాపితే పక్షి రెక్కల్లా జారిపడతాయి. అక్కడ బరస్ట్ కోసం వెతికితే దొరకదు, నిలకడగా నడుస్తున్న గీతలో 50 నుంచి 200 మిల్లీసెకన్ల నిశ్శబ్దం దొరుకుతుంది. కండరం కదిలిందని కాదు, పట్టు విడిచిందని చేయి జారుతుంది.

లెక్కలు

రికార్డును 20 నుంచి 450 హెర్ట్జ్‌ల మధ్య వడకట్టి, రుణ విలువలను ధనంగా మార్చి, ఆపై స్పెక్ట్రమ్ (ఏ వేగం దగ్గర ఎంత శక్తి ఉందో చూపే పటం) తీయండి. 4 సెకన్ల ముక్కలు తీసుకుంటే 0.25 హెర్ట్జ్ తేడా వరకు విడదీయవచ్చు. ఎదురెదురు కండరాలు వంతులవారీగా కొట్టేచోట రెట్టింపు వేగం దగ్గర రెండో శిఖరం లేస్తుంది, 5 హెర్ట్జ్‌ల వణుకును 10 అని రాసేయకండి.

రెండు కండరాలు ఒకే మూలం నుంచి ఆజ్ఞ అందుకుంటున్నాయా అన్నది కోహెరెన్స్ (రెండు సంకేతాల లయల పొంతనను 0 నుంచి 1 వరకు చూపే లెక్క) చెబుతుంది. దానికొక గడప ఉంది, విలువ అది దాటితేనే నమ్మాలి: ముక్కల సంఖ్య ఎన్ అయితే, 0.05ను 1/(ఎన్−1) ఘాతానికి పెంచి, 1లోంచి తీసేయాలి. నిమిషం రికార్డును 4 సెకన్ల చొప్పున 15 ముక్కలు చేస్తే గడప దాదాపు 0.19, 1 సెకను చొప్పున 60 ముక్కలు చేస్తే 0.05, కానీ అప్పుడు వేగాన్ని 1 హెర్ట్జ్ తేడాతోనే చూడగలరు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి, అందుకే వీలైతే రెండు నిమిషాలు తీయండి. పార్కిన్సన్‌లోనూ ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ కుడి ఎడమ చేతుల మధ్య ఈ పొంతన సాధారణంగా ఉండదు. ఆర్థోస్టాటిక్ ట్రెమర్‌లో రెండు కాళ్లూ ఒకే తాళానికి ఆడతాయి.

కుదుపులకైతే ప్రతి బరస్ట్ ఆరంభాన్నీ గుర్తించి, దానికి ముందున్న ఈఈజీని వెనక్కి పేర్చి సగటు తీయాలి. 1975లో షిబసాకి, కురోయివా అనే పరిశోధకులు వాడిన పద్ధతి ఇది. చేతి కుదుపుకు దాదాపు 20 మిల్లీసెకన్ల ముందు ఎదుటివైపు మెదడు పైపొరలో ముల్లులాంటి అల నిలబడితే మూలం అక్కడే. దానికి బదులు సెకనుకు పైగా ముందునుంచి మెల్లగా ఎక్కే వాలు కనిపిస్తే అది ఇష్టపూర్వక కదలికలకు ముందు వచ్చే బెరైట్‌షాఫ్ట్స్ పొటెన్షియల్, ఫంక్షనల్ కుదుపుకు బలమైన సూచన. ఆ వాలు చూడాలంటే కుదుపుల మధ్య కనీసం 3 సెకన్ల ఎడం ఉండాలి, కనీసం 40 కుదుపులు దొరకాలి, ఈఈజీలో నెమ్మది అలలను కోసేసే ఫిల్టరు ఉండకూడదు.

రిపోర్టు

"ట్రెమర్ కనిపించింది" అని ఒక్క ముక్క రాసి పంపే రిపోర్టు డాక్టరుకు ఏమీ చెప్పదు. ఇలా రాయండి: "విశ్రాంతిలో కుడి ముంజేతిలో 5.0 హెర్ట్జ్‌ల వణుకు, ఎదురెదురు కండరాలు వంతులవారీగా, లెక్కలు చెప్పేటప్పుడు పెరిగింది, చేయి చాపిన 8 సెకన్ల తర్వాత 5.0 హెర్ట్జ్‌లతో తిరిగి వచ్చింది, 500 గ్రాముల బరువుకు వేగం మారలేదు, చివరి లెవోడోపా 3 గంటల ముందు." రోగం పేరును డాక్టరుకు వదిలేయండి, ఈ వాక్యం చదివాక ఆయనకు పెద్దగా వెతుక్కునే పని ఉండదు.

మందు మార్చాక మళ్లీ పరీక్ష చేయవలసి వస్తుంది కనుక, మోచేతి మడత నుంచి ప్రతి ఎలక్ట్రోడ్ ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో కొలిచి రాసి, తీసేముందు ఆ చేతిని ఒక ఫొటో తీసి ఫైల్లో పెట్టండి.